పెళ్లి ఊరేగింపుకు పిలిచిన మర్ఫా బృందం

హైదరాబాదులో మా బంధువుల పెళ్లి ఊరేగింపుకు డీజేకు బదులుగా పిలిపించిన మర్ఫా (డోలు, బిందెలతో వాయించే దరువుల సంగీతం) బృందం పుచ్చుకున్న సొమ్ముకు తగిన పనే చేసింది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళంలో పనిచేసిన సిద్దీల (ఆఫ్రికా మూలాలున్నవారి) కుటుంబాల్లో పలువురు, 1948 సైనిక చర్యతో సంస్థానం భారతదేశంలో కలిసిపోయి ఆ కొలువు పోయిన తరువాత, ఈ వాద్యాన్నే బతుకుతెరువుగా చేసుకున్నారు. ఆ దళం నివసించిన పేటే నేటి ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్.

మొదట డోలు నిలకడైన దరువు పట్టగా, స్టీలు బిందెను కర్రతో వాయించే కుర్రవాడు ఆ దరువు వదిలిన ఖాళీల్లో పదునైన దెబ్బలు నింపుకుంటూ పోయాడు. డోలు కావాలనే ఒక దెబ్బ ఎగవేసినప్పుడల్లా ఆడేవారి కాళ్లే ఆ లోటు తీర్చాయి. క్యూబా దేశపు రుంబా నృత్యంలో క్వింటో అనే డోలు కూడా నర్తకుడి అడుగులతో ఇలాగే సవాలు జవాబులు నడుపుతుంది.

చివరి అరగంట సినిమా పాటల వరుసలకే పోవడం మాత్రం నాకు రుచించలేదు (పెళ్లికొడుకు స్నేహితుల ఒత్తిడే అందుకు కారణం కావచ్చు). పిలవదలచినవారు తమకు పాత దరువులే కావాలని ముందుగా చెప్పడం, మూసిన హాలులో కాక ఆరుబయట వాయింపజేయడం మంచిది.