చండీగఢ్ పద్ధతా, అమరావతి పద్ధతా: రాజధానికి నేల సమకూర్చడంలో ఏది మేలు?

నగర నిర్మాణం గురించి రాసేవారు ఎక్కువగా వాస్తుశిల్పి గీసిన పటం దగ్గరే మొదలుపెడతారు. ఆ పటం కింది నేల ఎవరిది, అది ఎలా చేతులు మారింది అని అడగాలంటే చరిత్ర, న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం కలిసి కూర్చోవాలి. ఊరి రూపురేఖలను సగం నిర్ణయించేది ఆ ప్రశ్నేనని నా అభిప్రాయం.

దేశవిభజనలో లాహోర్ పాకిస్తాన్‌కు పోవడంతో పంజాబుకు కొత్త రాజధాని కావలసివచ్చింది; అదే చండీగఢ్. 1894 నాటి భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం పల్లెల పొలాలను తీసుకుని నగదు పరిహారం చెల్లించింది. 1951లో వాస్తుశిల్పి లె కార్బూజియె పని చేపట్టాడు. 1953లోనే నగర ప్రారంభోత్సవం జరిగింది. నేలంతా ఒకే చేతిలో ఉండబట్టే 1,200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు గల సెక్టార్లను ఒక క్రమంలో గీయగలిగారు. అయితే, తర్వాత పెరిగిన స్థలాల ధరల్లో పాత రైతుకు వాటా లేదు. తొలగించిన ఇళ్ల శిథిలాలను, పగిలిన గాజులను, పింగాణీ ముక్కలను ఏరి, రోడ్ ఇన్‌స్పెక్టర్ నేక్ చంద్ ఎవరికీ తెలియకుండా కట్టిన రాక్ గార్డెన్ 1976లో ప్రజలకు తెరుచుకుంది. పటంలో చోటు దక్కని ఊళ్ల ఆనవాళ్లు అక్కడ బొమ్మలై నిలబడ్డాయి.

అమరావతిలో 2015 నుంచి అమలైన భూసమీకరణ దీనికి భిన్నం. ఎకరా జరీబు (ఏటి ఒడ్డున నీటి వసతి గల) పట్టా భూమి ఇచ్చిన రైతుకు 1,000 చదరపు గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు ఏటా 50,000 రూపాయలతో మొదలై పెరిగే కౌలు ఇస్తామన్నారు. మెట్టకు వాణిజ్య స్థలం 250 గజాలు, కౌలు 30,000. ఊళ్లను లేపలేదు. ధర పెరిగితే రైతుకూ లాభమే, కాబట్టి న్యాయం దృష్ట్యా ఇదే మేలు. కానీ ఆ ప్లాటుకు విలువ రావాలంటే నగరం లేవాలి. 2019 డిసెంబరులో రాజధానిని అమరావతి, విశాఖపట్నం, కర్నూలు మధ్య పంచాలన్న మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక పనులు ఆగి, పొలాలు కంపచెట్ల పాలయ్యాయి. అమరావతినే రాజధానిగా నిర్మించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చినా పనులు మళ్లీ ఊపందుకున్నది 2024 తర్వాతే. చండీగఢ్ రైతు నష్టపోయింది ధరలో, అమరావతి రైతు నష్టపోయింది కాలంలో.

సొంత భూమి లేనివారి విషయంలో మాత్రం రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించదు. అమరావతిలో కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు గానీ, కౌలుదారుకు ప్లాటులో భాగం లేదు.

అందుకే సమీకరణ వైపే మొగ్గుతాను గానీ, గడువు దాటితే ప్రభుత్వమే పరిహారం కట్టాలన్న షరతు చట్టంలోనే ఉండాలంటాను. ఏడాది పొడవునా కూరగాయలు, పూలు పండే జరీబు నేలను ఇవ్వబోమన్న అమరావతి ప్రాంతపు పెనుమాక, ఉండవల్లి రైతులను అప్పట్లో మొండివాళ్లన్నవారున్నారు. 2019 తర్వాతి అయిదేళ్ల లెక్క చూస్తే ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.