మిట్టమధ్యాహ్నం ఆగిపోయిన మా సోలార్, ఆ తర్వాతి సంగతి

బిల్లు ఎంత తగ్గుతుంది, ఒక కిలోవాట్‌కు డాబా మీద ఎంత చోటు కావాలి లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మా ఇంట్లో సోలార్ పెట్టించిందే జనరేటర్ పొగ వదిలించుకోవడానికి. అమ్మకు ఆస్తమా. జనరేటర్‌కు ఇంటి వెనక సందు తప్ప వేరే చోటు లేదు, అమ్మ గది కిటికీ తెరుచుకునేదేమో ఆ సందులోకే. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరం ముందు పరుగున వెళ్లి ఆ కిటికీ మూసి, తర్వాత జనరేటర్ స్టార్ట్ చేసేవాళ్లం. మూసినా లాభం ఉండేది కాదు. కిటికీ చట్రం అంచుల్లో నల్లటి జిడ్డు పేరుకునేది. తడిగుడ్డకు పోదు, సబ్బు పెట్టి రుద్దాల్సిందే.

ఆ నలుపు కంటికి కనిపించేది మాత్రమే. డీజిల్ పొగలోని నుసిలో చాలా భాగం 2.5 మైక్రాన్లకన్నా చిన్నది, అంటే తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకన్నా తక్కువ. ముక్కు దాన్ని ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్న వర్గమే అది. మాకు అంత దూరం ఆలోచించే అవసరం కూడా లేదు. జనరేటర్ నడిచిన రాత్రి అమ్మకు దగ్గు ఖాయం.

సోలార్ పెట్టించిన కొత్తలో కనిపించినవాళ్లందరికీ దాని గురించే చెప్పాను. చప్పుడు లేదు, వాసన లేదు, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ పొద్దున్నే దానంతటదే లేచి పని మొదలెడుతుంది. ఫోన్‌లో యాప్ తెరిచి గ్రాఫ్ కొండలా లేవడం చూస్తూ కూర్చునేవాణ్ని. ఇక జనరేటర్ అమ్మేద్దామని ఇంట్లో మాట కూడా అనుకున్నాం.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతున్నాడు, ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లి చూస్తే ఎర్ర లైటు వెలుగుతోంది, తెర మీద గ్రిడ్ లేదని, అంటే బయటి కరెంటు లైన్ లేదని రాసి ఉంది. ఉత్పత్తి సున్నా. ప్యానెల్ ఏదో పాడైందని బిగించినాయనకు ఫోన్ చేశాను. తాపీగా, "ఆన్‌గ్రిడ్ అంటే అంతేనండీ, కరెంటు ఉంటేనే అదీ ఉంటుంది" అన్నాడు. ఈ ముక్క కొటేషన్ ఇచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదు కదండీ" అన్నాడు. జనరేటర్ పొగ పడక సోలార్ పెట్టించుకుంటున్నామని మొదటి రోజే, అదే సందులో నిలబడి చెప్పాం. అంతకన్నా ఇంకేం అడగాలి?

కారణం కనుక్కుంటే సబబుగానే ఉంది. బయట లైన్ ఆగిపోయినప్పుడు మన ఇన్వర్టర్ కరెంటు తోస్తూనే ఉంటే, లైన్ చచ్చిందనుకుని తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ పోయిన 2 సెకన్లలోపు ఆగిపోవాలని అంతర్జాతీయ ప్రమాణాలే ఉన్నాయి. పైగా మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని గ్రిడ్ చూసే అందుకుంటుంది. గ్రిడ్ లేకపోతే సొంతంగా నడవడం దానికి రాదు. రూలు మీద నాకేం కోపం లేదు. చెప్పకపోవడం మీదే కోపం.

అసలు కడుపు మండింది దాని తర్వాత. జనరేటర్ వేసి సోలార్‌ను దానికి కలుపుదామంటే అదీ కుదరదట. జనరేటర్‌నే గ్రిడ్ అనుకుని ఇన్వర్టర్ లేస్తుంది, ఇంట్లో వాడకం తక్కువగా ఉంటే మిగిలిన కరెంటును జనరేటర్‌లోకే ఎదురు తోస్తుంది. దాంతో జనరేటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకని జనరేటర్ నడిచినంతసేపూ సోలార్‌ను వేరుచేసి ఉంచాలి. అంటే పైన ప్యానెళ్లు ఎండలో ఊరికే కాగుతుంటాయి, కింద మేం డీజిల్ కాలుస్తుంటాం. ఒక లీటరు డీజిల్ కాలితే గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ రెండున్నర కిలోలకు పైనే. ఆ వేసవంతా ఇదే తంతు. అమ్మ ఒక్క మాట అనలేదు, కిటికీ తనే లేచి మూసుకునేది.

తర్వాత వేరే మనిషి చేత ఇన్వర్టర్ మార్పించి హైబ్రిడ్ పెట్టించాం, దానికో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ప్యానెళ్లు అవే. ఇప్పుడు గ్రిడ్ పోతే ఇల్లు బయటి లైన్ నుంచి తెగిపోతుంది, లోపల మాత్రం బ్యాటరీ, ఎండ కలిసి నడుపుతాయి. కన్నుమూసి తెరిచేంతలో మారిపోతుంది, ఫ్యాను వేగం కూడా తగ్గదు. కరెంటు పోయిన సంగతి మాకు పక్కింటి జనరేటర్ చప్పుడు వింటేనే తెలుస్తోంది. వాళ్ల పొగ గాలివాటాన్ని బట్టి మా వైపూ వస్తుంది, దానికి మా ఇన్వర్టర్ ఏం చేయగలదు!

ఆ పక్కింటాయనే ఒకసారి, ప్యానెళ్లు చేయడానికి మాత్రం బొగ్గు కాల్చరా అని దెప్పాడు. కాలుస్తారు, సిలికాన్ శుద్ధి చేయడానికి కరెంటు బోలెడు కావాలి. తయారీ నుంచి పారేసేదాకా అన్నీ కలిపి వేసిన లెక్క, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2014 నివేదికలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఒక యూనిట్‌కు బొగ్గు కరెంటుకైతే సుమారు 820 గ్రాములు, ఇంటి కప్పు మీది సోలార్‌కైతే 41 గ్రాములు. బ్యాటరీని కలిపితే మాది ఇంకొంచెం పెరుగుతుంది. ఆయన ఒప్పుకోలేదనుకోండి.

మొదట్లో నేను ఊదరగొట్టినవాటిలో కొన్ని సవరించుకోవాలి. మంచి ఎండకు మంచి ఉత్పత్తి అనేది సగం నిజమే. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటివి. ఆపైన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. వేసవి డాబా మీద సెల్ 60 డిగ్రీలు దాటడం మామూలే. మా గ్రాఫులో పెద్ద కొండలన్నీ చల్లగాలి ఉన్న ఎండ రోజులవే. ముసురు పట్టి కరెంటు కూడా పోతే బ్యాటరీ రెండో రోజుకు చేతులెత్తేస్తుంది. అందుకే జనరేటర్ అమ్మలేదు, సందులో కవర్ కప్పి ఉంచాం. మొన్నటి వానల్లో తీయాల్సి వచ్చింది కూడా. రాత్రి గ్రిడ్ నుంచి తీసుకునే కరెంటులో బొగ్గుది ఎంతో మా చేతిలో లేదు.

అమ్మ ఆరోగ్యం బాగుపడిందా అని అడుగుతుంటారు. రాత్రి దగ్గు బాగా తగ్గింది. కానీ మధ్యలో డాక్టర్ ఇన్‌హేలర్ కూడా మార్చారు, కాబట్టి గొప్పంతా సోలార్‌దే అనలేను. దుమ్ముకూ చలిగాలికీ ఇప్పటికీ ఆయాసం వస్తుంది. కిటికీ చట్రం మాత్రం తెల్లగానే ఉంటోంది.

కరెంటు ఎప్పుడోగానీ పోని చోట ఉన్నవాళ్లకు బ్యాటరీ దండగే కావచ్చు, ఆన్‌గ్రిడ్ చాలు. ఇంట్లో ఊపిరి సమస్య ఉన్నవాళ్లుండి, కరెంటు తరచూ పోయే మా లాంటి వాళ్లయితే, సంతకం పెట్టే ముందు మిట్టమధ్యాహ్నం గ్రిడ్ పోతే ఇంట్లో ఏవేవి నడుస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. కరెంటు పోయినా నడిచే బ్యాకప్ లైన్ మీద ఏవి వేయాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి. మేం అమ్మ గది, నెబ్యులైజర్ ప్లగ్గు, ఫ్రిజ్, లైట్లు వేయించాం. నీళ్ల మోటారు వేయలేదు. స్టార్టింగ్‌లో అది లాగే కరెంటుకు మా ఇన్వర్టర్ ట్రిప్ అవుతోంది, అందుకని ట్యాంకు పొద్దున్నే నింపేసుకుంటున్నాం.