కళ్లలో మండని ట్యూబు: నాలుగు ఎండాకాలాల తర్వాత

చెమట కళ్లలోకి కారితే ఒక మంట. సన్‌స్క్రీన్ కలిసిన చెమట కారితే అది వేరే మంట. ఏప్రిల్‌లో ఒంటిగంట ఎండలో నల్లగొండ జిల్లా కొండమల్లేపల్లి రోడ్డు మీద, ముందు లారీ, వెనక ఆర్టీసీ బస్సు ఉన్నప్పుడు రెండు కళ్లూ ఒకేసారి మూసుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాకు ఊహించుకునే అవసరం లేకపోయింది. బండి పక్కకి ఆపి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో సగం నీళ్లు కళ్లలోనే పోసుకున్నాను. ఇంటికి రాగానే ఆ ట్యూబు చెత్తబుట్టలోకి పోయింది. దానికి ముందు వాడింది కూడా ఇలాగే మండింది, కాకపోతే కొంచెం తక్కువ.

కాబట్టి ఇప్పుడు నాలుగేళ్లుగా వాడుతున్న దాని గురించి నేను చెప్పేది ప్రధానంగా ఒక్కటే. ఇది కళ్లలో మండదు. ఇందులో ఎండను ఆపే మందు జింక్ ఆక్సైడ్ ఒక్కటే. అలాంటివి వేరువేరు కంపెనీలవి దొరుకుతాయి, అట్టపెట్టె వెనక చదివి తీసుకోవచ్చు, అందుకే పేరు రాయడం లేదు. ఎస్‌పీఎఫ్ అంటే ఏంటి, పీఏ పక్కన ప్లస్సులు ఎందుకు అన్నది ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నా. ఒక్క మాట మాత్రం. ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. సరిపడా పూస్తే ఎస్‌పీఎఫ్ 30, ఎండలో కంటికి కనపడని యూవీ కిరణాల్లో తోలును కమిలించే యూవీబీ రకాన్ని దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. అంటే ఆ 50 అంకె చూసి ఎక్కువ డబ్బులు పెట్టే పని లేదు. నాదీ 50 నంబరుదే, అయితే మా వీధి మెడికల్ షాపులో జింక్‌ది అదొక్కటే ఉండేది.

నాది డ్రిప్ సర్వీసు పని. కనగల్, గుర్రంపోడు, హాలియా, పెద్దవూర వైపు బత్తాయి తోటలు తిరుగుతాను. ఉడతలు కొరికిన లేటరల్ పైపులకి, అంటే సాళ్ల వెంట పరిచే సన్న డ్రిప్ పైపులకి, జాయింటర్లు వేయడం, ఉప్పు పట్టి మూసుకుపోయిన డ్రిప్పర్లకి యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయించడం, ఫిల్టర్ కడిగించడం. బత్తాయి తోట అంటే నీడే కదా అనుకుంటారు. నీడ చెట్టు మొదట్లో ఉంటుంది, పైపు సాలు వెంట పోతుంది. పైగా ఈ పనంతా వంగి చేసేది. ముఖం నేలవైపు, మెడ వెనక భాగం ఆకాశం వైపు. ఇరవై ఏళ్లు అలా వంగినవాడి మెడ ఎలా ఉంటుందో మా ఆవిడ ఫోన్‌లో ఫొటో తీసి చూపించేదాకా నాకు తెలియదు. గరుకుగా, గీతలు గీతలుగా, ఆ మధ్యలో పెసరగింజంత నల్లటి బొడిపె ఒకటి.

మామూలుగా అయితే పట్టించుకునేవాణ్ని కాదు. కానీ అంతకు రెండేళ్ల ముందే మా పెద్దమ్మ కాలు చూశాం. చిన్నప్పుడు కిరోసిన్ దీపం మీద పడి పిక్క కాలింది. ఆ మచ్చ మీద ముసలితనంలో ఒక పుండు లేచింది. పసుపు పెట్టారు, ఎవరో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాశారు, దాదాపు ఏడాది గడిచింది, మానలేదు. చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే చర్మ క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు కర్ర పట్టుకుని తిరుగుతోంది. ఆ భయంతోనే నా బొడిపెను తీసుకుని నల్లగొండలో స్కిన్ డాక్టరు దగ్గరికి పోయాను.

ఆయన భూతద్దం లాంటి దానితో చూసి, ఇది వయసుతో వచ్చేది, ఏమీ కాదు అన్నాడు. పెద్దమ్మ సంగతి చెప్తే, అది ఎండ వల్ల వచ్చింది కాదనీ, పాత కాలిన మచ్చల్లో ఏళ్ల తర్వాత అలా మారే అవకాశం ఉంటుందనీ చెప్పాడు. మన రంగు చర్మంలో మెలనిన్ అనే నలుపునిచ్చే పదార్థం ఎక్కువ కాబట్టి తెల్లవాళ్లతో పోలిస్తే చర్మ క్యాన్సర్లు మనలో చాలా తక్కువ. అయితే తక్కువ అంటే రాదని కాదు. మెలనోమా అనే మొండి రకం మనవాళ్లలో తరచు ఎండ తగలని చోటే కనపడుతుందట, అరికాలు, అరచెయ్యి, గోరు కింద. నాలుగు వారాలైనా మానని పుండు, పెరుగుతూ రంగు మారుతున్న మచ్చ, దెబ్బ తగలకుండా గోటిలో వచ్చిన నల్లచార, వీటిలో ఏది కనపడినా రమ్మన్నాడు. రోజూ చెప్పులు విప్పి బురదలో దిగేవాణ్ని, అరికాళ్లు ఎప్పుడు చూసుకున్నానో నాకే గుర్తులేదు. ఆ రాత్రి మా ఆవిడ టార్చి పట్టుకుని చూసింది. ముళ్లు గుచ్చుకున్న గుర్తులే, ఇంకేం లేవు.

“మరి ఎండకి పోవుడు బంద్ చెయ్యాల్నా సార్?” అని అడిగాను.

“బంద్ చేస్తే నీకు ఇల్లెట్ల గడుస్తది? కప్పుకునే కాడ కప్పుకో, కప్పుకోరాని కాడ పూసుకో” అన్నాడు.

అలా మొదలైంది పూత. మగవాడు క్రీము రాసుకోవడం మా దగ్గర ఇంకా నవ్వులాటే. జింక్‌ది తెల్లగా తేలుతుంది కూడా, విభూతి పట్టీ చెదిరినట్టు. మొదటి వారంలోనే గుర్రంపోడు దగ్గర ఒక రైతు “ఏంది సారూ, ముఖానికి సున్నమేసుకొచ్చినవ్, ఇంట్ల పెండ్లా?” అని అడిగాడు. తోటలో కూలీలందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నెల తర్వాత అందరికీ అలవాటైపోయింది. సున్నం సారు అన్న పేరు మాత్రం ఉండిపోయింది.

ఇక దీన్ని నేను తిట్టుకున్న రోజు. 2024 మే. ఎండలు నలభై అయిదు దాటుతున్న రోజులు. ట్యూబును ఎప్పటిలాగే బండి సైడ్ బాక్సులో, స్పానర్ల పక్కన పెట్టుకునేవాణ్ని. ఒక పొద్దున నొక్కితే ముందు నీళ్లు వచ్చాయి. నూనె తేలినట్టున్న పల్చటి నీళ్లు, తర్వాత పెరుగు తరకల్లా గడ్డలు. పారేయడానికి మనసు ఒప్పలేదు, ఆరొందలు పెట్టి కొన్నది. బాగా ఊపి, చేతిలో కలుపుకుని పూసుకున్నాను. అలాగే పది రోజులు.

పదకొండో రోజు పెద్దవూర దగ్గర మూడెకరాల తోటలో లేటరల్స్ మొత్తం మార్చే పని పడింది. పొద్దున ఎనిమిదికి దిగితే మూడింటికి తేలాం. మధ్యాహ్నం మళ్లీ ఒకసారి పూసుకున్నాను కూడా, ధీమా అదే. రాత్రి దిండు మీద తల పెడితే చెవుల పైఅంచులు నిప్పుకణికల్లా ఉన్నాయి. మెడ వెనక చొక్కా కాలర్ తగిలితే ప్రాణం పోయినంత పని. ముక్కు మీద, మెడ మీద మూడో రోజుకి పొర లేచింది, ఉల్లిపొట్టులా. నల్లతోలుకి ఎండ ఏం చేస్తుందిలే అన్న మాట నేనే ఎన్నోసార్లు అన్నవాణ్ని. తోలు కింద కమిలినా ఎరుపు పైకి సరిగ్గా కనపడదు, అంతే. మా ఆవిడ కలబంద గుజ్జు రాస్తూ, “నీ మండని క్రీము ఇదేనా?” అంది. జవాబు చెప్పలేదు.

కోపంతో ఆన్‌లైన్‌లో ఒక నక్షత్రం ఇచ్చి కంపెనీని దులిపేశాను. తర్వాత మెడికల్ షాపుకి పోయి గొడవ పెట్టుకుందామంటే, ఆ అబ్బాయి ట్యూబు నొక్కి చూసి ఒకే ప్రశ్న అడిగాడు.

“ఏడ పెడ్తున్నరన్నా దీన్ని?”

“బండి బాక్సుల.”

అతను ట్యూబు తిప్పి, చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. 30 డిగ్రీల లోపు ఉంచాలి అని ఉంది. మే నెలలో నల్లగొండలో 30 డిగ్రీల లోపు ఉండే చోటు ఫ్రిజ్ ఒక్కటే అన్నాను. అతనూ ఒప్పుకున్నాడు. కానీ ఎండలో నిలబెట్టిన బండి బాక్సులో చెయ్యి పెడితేనే కాలుతుంది. ఆ వేడికి క్రీములో నీళ్లు, నూనె విడిపోతాయి, జింక్ పొడి గడ్డ కడుతుంది. ఇక పూసినచోట ఎక్కడో మందంగా, ఎక్కడో ఏమీ లేకుండా పడుతుంది. విడిపోయింది ఎంత ఊపినా మళ్లీ సరిగ్గా కలవదు. ఆ రోజు నా చెవులకి అంటింది నూనె నీళ్లేనేమో. ఇంటికొచ్చి ఆ ఒక్క నక్షత్రం తీసేశాను. అయితే మన ఎండలకి అమ్మే వస్తువు మీద ఆ మాట కనపడేంత పెద్దగా రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది అన్న కోపం మాత్రం పోలేదు.

ఇప్పుడు ట్యూబు సద్ది సంచిలో, తడిబట్ట చుట్టిన నీళ్ల సీసా పక్కన ఉంటుంది. తోటలో దిగగానే సంచి బోరు షెడ్డులోకి పోతుంది. అప్పటినుంచి మళ్లీ విడిపోలేదు.

కళ్లలో మండదు అని మొదట్లో అంత గట్టిగా రాశాను గానీ, నిజం చెప్పాలంటే ఆ మెప్పు మొత్తం ట్యూబుదే కాదు. ఇది కొన్న నెలలోనే హెల్మెట్ కింద నుదుటికి రుమాలు కట్టుకోవడం మొదలుపెట్టాను. చెమట సగం దానికే పోతుంది. ఎవరి పుణ్యం ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఒకసారి రుమాలు మరిచిపోయి పోయినప్పుడు కూడా మండలేదు కాబట్టి ట్యూబు వైపే మొగ్గుతున్నాను.

రెండో సంగతి ఇంకొంచెం సిగ్గుపడాల్సింది. ముఖానికి, మెడకి కలిపి రెండు వేళ్ల పొడవున తీయాలి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి అన్నాడు డాక్టరు. అలా నిజంగా రోజుకి రెండు సార్లు పూసినా 50 గ్రాముల ట్యూబు మూడు వారాలు రాదు. నాకు నెలన్నర వస్తోంది. అంటే నేను పూసేది చెప్పినదాంట్లో సగం కూడా లేదన్నమాట, అట్ట మీది 50 నా ముఖం మీద 50 కానే కాదు. పిల్లల ఫీజులు కట్టే నెలల్లో ఇంకా పల్చగా పూస్తాను.

అసలు నాకు ఎక్కువ పనిచేసింది చొక్కా అని ఇప్పుడు అనుమానం. ఎండాకాలమంటే పల్చటి తెల్ల కాటన్ చొక్కా అనుకునేవాణ్ని. ఒకరోజు స్నానానికి పోతుంటే మా అబ్బాయి, “నాయనా, నీ వీపు మీద బనియన్ అచ్చు పడింది” అన్నాడు. నిజమే. చొక్కా ఒక్కటే ఉన్న భుజాలు నలుపు, కింద బనియన్ కూడా ఉన్నచోట చామనఛాయ. అంటే ఆ చొక్కాలోంచి ఎండ దూరి వస్తోంది. పల్చటి తెల్ల కాటన్ యూవీని అంతంతమాత్రమే ఆపుతుంది, తడిస్తే ఇంకా తక్కువ. నేను చెమటకి, ఫిల్టర్ నీళ్లకి పొద్దంతా తడిసే ఉంటాను. ఇప్పుడు ముదురు నీలం రంగులో, దగ్గరి నేతవి, కాలర్ లేపుకునే ఫుల్‌చేతుల చొక్కాలు మూడు కుట్టించుకున్నాను. ఉక్కగా ఉంటుంది, కాదనను. తల మీద చుట్టూ అంచున్న గడ్డి టోపీ. క్రికెట్ టోపీ ముందు ముక్కుకే గొడుగు పడుతుంది, చెవుల్ని, మెడని గాలికి వదిలేస్తుంది.

ఇంకొకటి, దీన్ని ఎండాకాలం వస్తువు అనుకుని మూడేళ్లు జూన్‌లో మూత పెట్టేశాను. మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వచ్చి నిలువు నీడ మాయమయ్యేది ఏడాదికి రెండుసార్లు, మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మళ్లీ ఒకసారి. మబ్బు పట్టిన ఆగస్టులో వేడి తెలియదు గానీ యూవీ పల్చటి మబ్బుల్లోంచి చాలావరకు దిగుతుంది. పోయినేడు నుంచి నీడ చూసి పూసుకుంటున్నాను. నా నీడ నాకంటే పొట్టిగా ఉంటే ట్యూబు బయటికి వస్తుంది. గడియారం లేకుండా నీడను బట్టి పొద్దు చెప్పే రైతులకి ఈ లెక్క మాత్రం ఒక్కసారి చెప్తే చాలు, సున్నం అంటే నవ్వినవాళ్లు కూడా దీన్ని కాదనలేదు.

మీరు కొనాలా అంటే, మీ పని మీద ఉంది. రోజుకి ఎనభై కిలోమీటర్లు బండి మీద తిరిగి, చెమటతో తడిసే నాలాంటివాళ్లకి కళ్లు మండకపోవడం అన్నిటికంటే పెద్ద లాభం. ఆఫీసు లోపల కూర్చునేవాళ్లకి ఆ తెల్లపూత చిరాకే. మా ఆవిడకి మంగు ఉంది, ఆమెకి డాక్టరు రాసింది ఐరన్ ఆక్సైడ్ కలిసిన గోధుమరంగుది, మామూలు వెలుతురుకి కూడా మంగు పెరుగుతుందట. నా ట్యూబు ఆమె ఒకసారి రాసుకుని అద్దం చూసి కడిగేసుకుంది. రోజంతా పొలంలో ఉండి ట్యూబుకి ఆరొందలు పెట్టలేనివాళ్లు ముందు టోపీ, చొక్కా కొనుక్కుని, మిగిలితే దీని సంగతి చూడొచ్చు. నేనైతే ఆ వరస తెలియక తిప్పి చేశాను.

ఈ మార్చిలో తొమ్మిదో పదో ట్యూబు తెచ్చాను. ధర నలభై రూపాయలు పెరిగింది. మూత మాత్రం మొదటి ట్యూబుకి విరిగినచోటే దీనికీ విరిగింది, టెఫ్లాన్ టేపు చుట్టి వాడుతున్నాను.