ఎక్కడైనా ఆడేవాడా, ఒక్కచోట పాతుకుపోయేవాడా: ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ కుర్రాళ్లని రౌండ్ల వారీగా, ఒక్కో వంతులో (దాన్నే పిక్ అంటారు) ఒక్కొక్కరిని ఎంచుకునేదే డ్రాఫ్ట్. దాని ముందు వచ్చే రిపోర్టుల్లో ఆఫెన్సివ్ లైన్ కుర్రాళ్ల గురించి స్కౌట్లు తెగ వాడే మెచ్చుకోలు ఒకటుంది: ఎక్కడ పెట్టినా ఆడతాడు. వినడానికి బాగుంటుంది. ఒక్కడి జీతంతో ముగ్గురి పని అయిపోతుందంటే ఏ యజమానికి చేదు? నా మటుకు నాకు మాత్రం మొదటి రౌండ్‌లో ఈ మాట వినపడితే కాస్త టెన్షనే. అదే నాలుగో రౌండ్‌లో వినపడితే సంతోషం. ఎందుకో చెప్పడానికి 2022 డ్రాఫ్ట్‌ని మించిన ఉదాహరణ లేదు.

ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ ముందు అయిదుగురు గోడకట్టి నిలబడతారు, వాళ్లే ఆఫెన్సివ్ లైన్. మధ్యలో బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించేవాడు సెంటర్. అతనికి అటూ ఇటూ గార్డులు. రెండు చివర్లలో టాకిళ్లు. టీవీలో అందరూ ఒకేలా కనిపిస్తారు, అందరూ ఇంచుమించు 140 కిలోల మనుషులే. పనులు మాత్రం వేరు. గార్డుకి ఎదుటివాడు దాదాపు ముఖం మీదే ఉంటాడు, రెండు జట్ల మధ్య ఖాళీ బంతి పొడవంతే, అంటే 11 అంగుళాలు. అక్కడ తొలి దెబ్బకి వెనక్కి జారకుండా నిలవడమే అసలు సంగతి. టాకిల్‌కి ఎదురొచ్చేవాడు దూరం నుంచి, పక్క నుంచి, పరుగు మీద వస్తాడు. అతన్ని ఆపాలంటే పొడవాటి చేతులు, చురుకైన పాదాలు కావాలి. సెంటర్ ఇవి కాక, ఎదుటి డిఫెన్స్‌ని చదివి ఎవరు ఎవరిని పట్టుకోవాలో అరిచి చెప్పాలి కూడా.

2022లో మొదటి రౌండ్ మధ్యలో పోయిన ఇద్దరు "ఎక్కడైనా" బాపతు. 15వ పిక్‌తో హ్యూస్టన్ టెక్సన్స్ కెన్యన్ గ్రీన్‌ని తీసుకుంది. టెక్సస్ ఎ అండ్ ఎమ్ కాలేజీలో 2021 ఒక్క సీజన్‌లోనే రెండు గార్డు స్థానాలు, రెండు టాకిల్ స్థానాలు, మొత్తం నాలుగు చోట్ల మొదలుపెట్టిన కుర్రాడు. 17వ పిక్‌తో చార్జర్స్ తీసుకున్న జయాన్ జాన్సన్ బోస్టన్ కాలేజీలో ఎడమ గార్డు, మరుసటి ఏడాది ఎడమ టాకిల్, ఆ తర్వాత మళ్లీ గార్డు.

వీళ్ల తర్వాత పోయినవాళ్లు చూడండి. 24వ పిక్‌తో డాలస్ కౌబాయ్స్ తీసుకున్న టైలర్ స్మిత్ టల్సా యూనివర్సిటీలో ఎడమ టాకిల్, అంతే. పైగా చేత్తో పట్టి లాగే అలవాటు ఎక్కువని ఫౌళ్ల చిట్టా ఒకటి. 25వ పిక్‌తో బాల్టిమోర్ రేవెన్స్ తీసుకున్న టైలర్ లిండర్‌బామ్ అచ్చంగా సెంటర్. చేతులు 31 అంగుళాల పైచిలుకు, బరువు 300 పౌండ్ల లోపు. టాకిల్‌గా ఊహించుకోవడానికి కూడా వీల్లేదు, గార్డుగా అన్నా చాలామంది స్కౌట్లు తల అడ్డంగా ఊపారు. 2021 సీజన్‌లో దేశంలో మేటి కాలేజీ సెంటర్‌కి ఇచ్చే రిమింగ్టన్ ట్రోఫీ మాత్రం అతనిదే. హైస్కూల్లో కుస్తీ పడేవాడు. ఇప్పుడు టాంపా బేలో ఎడమ టాకిల్‌గా ఉన్న ట్రిస్టన్ విర్ఫ్స్ అంతటి భారీ మనిషిని కుస్తీలో ఓడించిన ఘనత కూడా ఉంది. ఎదుటివాడి కిందకి దూరి లేపేయడం అక్కడ అబ్బిన విద్యే అనిపిస్తుంది అతని ఆట చూస్తుంటే.

ఆ తర్వాత ఏమైందో తెలిసిందే. లిండర్‌బామ్ 2023లో, 2024లో ప్రో బౌల్‌కి, అంటే సీజన్ మేటి ఆటగాళ్ల జట్టుకి, వెళ్లాడు. టైలర్ స్మిత్ కూడా అంతే. గ్రీన్ తొలి ఏడాది తడబడ్డాడు, రెండో ఏడాది భుజం గాయంతో మొత్తం పోయింది, 2025 మార్చిలో టెక్సన్స్ అతన్ని ఫిలడెల్ఫియాకి వదిలించుకుంది. జాన్సన్ చెడ్డ ఆటగాడేం కాదు, కానీ అయిదో ఏడాది ఆప్షన్ (మొదటి రౌండ్ ఆటగాడి నాలుగేళ్ల ఒప్పందాన్ని జట్టు ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) తీసుకోవడానికి చార్జర్స్‌కి చేతులు రాలేదు.

గ్రీన్‌ని పాడుచేసింది నాలుగు స్థానాలేనని నేననడం లేదు. గాయాలకి ఎవరేం చేస్తారు? నా గొడవ వేరు. ఏడాదిలో నాలుగు చోట్ల ఆడాడంటే దానికి రెండు అర్థాలుండొచ్చు. కుర్రాడికి అంత సత్తా ఉందని ఒకటి. కాలేజీ జట్టులో ఎక్కడ చిల్లు పడితే అక్కడ అతన్ని పెట్టి పూడ్చారని రెండోది. రిపోర్టులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. టేప్, అంటే ఆటల వీడియో, చూస్తేనే తేడా తెలిసేది. ఒకే స్థానంలో పది, పన్నెండు ఆటలు వరసగా ఆడినవాడి టేపులో తప్పు ఎక్కడ మొదలైంది, నాలుగు వారాల తర్వాత దాన్ని దిద్దుకున్నాడా అన్నది కనపడుతుంది. వారానికో చోట ఆడినవాడికి ఆ అవకాశమే లేదు. తప్పు చేస్తే కొత్త స్థానం కదా పాపం అని వదిలేస్తాం, బాగా ఆడితే అబ్బో అంటాం. అలా మార్కులు పెరిగిపోతాయి.

మన హైదరాబాద్ లక్ష్మణ్ సంగతి గుర్తుందా? 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు. ఇంకేం, ఓపెనింగ్ కూడా చేయగలడని తేలిపోయినట్టే కదా. ఆయన మాత్రం ఇకమీదట ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పేశాడు. ఏడాది తిరిగాక కోల్‌కతాలో 281 వచ్చింది మూడో నంబర్‌లో. ఒక చోట ఆడగలగడం, అక్కడే ఉండాల్సినవాడు కావడం ఒకటి కాదు. డ్రాఫ్ట్ గదిలో ఈ రెండింటినీ కలిపేసే జట్లే ఎక్కువ.

ఎవాన్ నీల్ కథా ఇలాంటిదే. అలబామాలో తొలి ఏడాది ఎడమ గార్డు, రెండో ఏడాది కుడి టాకిల్, మూడో ఏడాది ఎడమ టాకిల్. మూడేళ్లు, మూడు స్థానాలు. అదే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెయింట్స్ ఏడో పిక్‌తో తీసుకుని కుడి టాకిల్‌గా పెట్టింది. అక్కడ కుదరలేదు, చివరికి గార్డుగా మార్చి చూశారు. బయట వేగంగా వచ్చేవాడికి అతని పాదాలు అందుకోలేదు. ఆ సంగతి స్థానాలు లెక్కపెడితే తెలియదు.

ఇక స్థానం మారడమంటే మైదానంలో ఏమవుతుందో చూద్దాం. ఎడమ టాకిల్ ఎడమ కాలు వెనక్కి పెట్టి నిలబడి, బంతి కదలగానే ఆ కాలితోనే వెనక్కి జారుతూ పోతాడు. కుడి టాకిల్‌కి అంతా తలకిందులు. తుంటి తిరిగే దిక్కు, ముందు వేసే చెయ్యి, బరువు మోసే మోకాలు, అన్నీ మారతాయి. ఎదుటివాడు మీదకి వచ్చేది రెండు మూడు క్షణాల్లో. ఆలోచించి కాలు కదిపే వ్యవధి ఎక్కడిది? ఒళ్లే చెప్పాలి. అందుకే వైపు మారిస్తే మొదట కొన్ని వారాలు ఎంతటివాడైనా ఇబ్బంది పడతాడు. మొదటి తరగతి ఆటగాడైతే సర్దుకుంటాడు. పెనే సూవెల్ ఆరెగాన్‌లో ఎడమ టాకిల్, డెట్రాయిట్‌కి వచ్చి కుడివైపు ఆల్-ప్రో, అంటే లీగ్ మొత్తంలో ఆ స్థానానికి మేటి, అయ్యాడు. పైన చెప్పిన విర్ఫ్స్ కుడి నుంచి ఎడమకి మారి రెండు వైపులా ఆల్-ప్రో అనిపించుకున్నాడు.

బయట నుంచి లోపలికి రావడం ఇంకా తేలిక. జాక్ మార్టిన్ నోటర్ డామ్‌లో ఎడమ టాకిల్, చేతులు 33 అంగుళాలకి కాస్త తక్కువ. 2014లో కౌబాయ్స్ 16వ పిక్‌తో తీసుకుని మొదటి రోజు నుంచే కుడి గార్డుగా పెట్టింది. ప్రో బౌల్‌కి తొమ్మిది సార్లు వెళ్లాడు. ఆ రోజు యజమాని జెర్రీ జోన్స్ మనసు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ మీద ఉండగా చుట్టూ ఉన్నవాళ్లు ఆపారన్న కథ డాలస్ పక్క ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉంటున్న మన కౌబాయ్స్ అభిమానులు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. లోపల నుంచి బయటికి వెళ్లడమే కష్టం. చేతుల పొడవు అప్పటికప్పుడు పెరగదు కదా. గ్రీన్ బేలో ఎల్గ్టన్ జెంకిన్స్ లాగా సెంటర్‌గా వచ్చి లోపలా బయటా ఆడినవాళ్లు అరుదు. ఆ వరసలో అందరికంటే పైనున్నవాడు బ్రూస్ మాథ్యూస్: 1983లో హ్యూస్టన్ ఆయిలర్స్ తొమ్మిదో పిక్, అయిదు స్థానాల్లోనూ ఆడి 14 ప్రో బౌల్స్, ఆపైన హాల్ ఆఫ్ ఫేమ్. ఇలాంటి మనిషిని చూపించి ప్రతి కుర్రాడికీ ఆ వెల కట్టకూడదు.

ఇక్కడ టైలర్ స్మిత్ విషయంలో ఒక తమాషా ఉంది. కాలేజీలో ఒక్కచోటే ఆడిన అతన్ని కౌబాయ్స్ మొదట ఎడమ గార్డుగా తయారుచేస్తూ వచ్చింది. 2022 ఆగస్టులో ఎడమ టాకిల్ టైరన్ స్మిత్‌కి గాయమైంది. 21 ఏళ్ల కుర్రాడు వెళ్లి ఆ సీజన్ 17 ఆటలూ మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది గార్డుగా వెళ్లి ప్రో బౌల్ తెచ్చుకున్నాడు. నలుగురిలో నిజంగా అటూ ఇటూ పనికొచ్చినవాడు, రిపోర్టులో ఒక్క స్థానం మాత్రమే రాసున్న అతనే. 34 అంగుళాల చేతులు, బరువుతో పాటు కదలిక, ఎడమ టాకిల్‌లో బాగా అరగదీసిన పాదాలు ఉంటే లోపలికి మారడం పెద్ద పనేం కాదు.

డబ్బు లెక్క కూడా చూడాలి. లీగ్ అయిదో ఏడాది ఆప్షన్‌కి వెల కట్టేటప్పుడు సెంటర్, గార్డు, టాకిల్ అన్న తేడా చూడదు, అందరినీ ఒకే గాటన కట్టేస్తుంది. టాకిళ్ల జీతాలు ఎక్కువ కాబట్టి సెంటర్‌కి కూడా ఆ రేటే పడుతుంది. లిండర్‌బామ్‌కి అది 2026కి 23.4 మిలియన్ డాలర్లు అయింది, అప్పటికి అందరికంటే ఎక్కువ తీసుకుంటున్న సెంటర్ క్రీడ్ హంఫ్రీ జీతం ఏడాదికి 18 మిలియన్లు. అంత బాగా ఆడుతున్నా రేవెన్స్ ఆ ఆప్షన్ వద్దనుకుంది. ఒక్కచోటే ఆడేవాడిని, అందులోనూ సెంటర్‌ని, మొదటి రౌండ్‌లో తీసుకుంటే ఉన్న నష్టం ఇది. ఒప్పుకోవాల్సిందే. అటు టైలర్ స్మిత్ 2025 సెప్టెంబర్‌లో నాలుగేళ్లకి 96 మిలియన్లతో గార్డుల్లో అత్యధిక జీతగాడయ్యాడు. టాకిల్‌గా కూడా ఆడగలడన్న ధీమా ఆ అంకెలో ఎంతో కొంత ఉందనే అనుకుంటున్నాను.

మరి "ఎక్కడైనా" కుర్రాడికి విలువ లేదా? ఉంది, చాలా ఉంది, కాకపోతే బెంచీ మీద. జట్టులో 53 మంది ఉంటారు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2020 ఒప్పందం ప్రకారం ఆట రోజున 48 మందిని దింపాలంటే అందులో కనీసం ఎనిమిది మంది ఆఫెన్సివ్ లైన్‌వాళ్లు ఉండాలి. అయిదుగురు మైదానంలో ఉంటే మిగిలేది ముగ్గురు. అయిదు కుర్చీలకి ముగ్గురు కాపలా. ఆ ముగ్గురిలో రెండు టాకిళ్లకీ పనికొచ్చేవాడు ఒకడు, సెంటర్, గార్డు రెండూ ఆడగలిగేవాడు ఒకడు లేకపోతే కోచ్‌కి నిద్ర పట్టదు. అందుకే మూడో రౌండ్ నుంచి అయిదో రౌండ్ దాకా నేనైతే కళ్లు మూసుకుని "ఎక్కడైనా" కుర్రాడికే ఓటేస్తాను. అక్కడ మేటి ఆటగాడు ఎలాగూ దొరకడు, అక్కరకొచ్చేవాడు దొరికితే చాలు.

మొదటి రౌండ్‌లో వీళ్లని తీసుకుంటే ఇంకో చిక్కుంది. తీసుకున్న జట్టే వాళ్లని కుదురుగా ఉండనివ్వదు. 2021లో న్యూయార్క్ జెట్స్ 23 నుంచి 14కి ఎగబాకి మరీ తీసుకున్న అలైజా వెరా-టక్కర్ తొలి ఏడాది ఎడమ గార్డు. 2022లో కుడి గార్డుగా మొదలై, ఎడమ టాకిల్‌కి, వారం తిరక్కుండా కుడి టాకిల్‌కి వెళ్లాడు. అక్టోబర్‌లో చేయి కండరం తెగింది. 2023లో మళ్లీ కుడి టాకిల్‌కి మార్చాక మడమ వెనక నరం తెగింది. స్థానం మార్చినందుకే గాయాలయ్యాయని ఎవరూ చెప్పలేరు. కానీ ఒక్క గార్డుగా వరసగా మూడేళ్లు ఉంటే ఎంతటివాడయ్యేవాడో జెట్స్ చూడనేలేదు.

2025 డ్రాఫ్ట్‌లో సియాటిల్ 18వ పిక్‌తో తీసుకున్న గ్రే జేబల్ కూడా ఈ కోవకి చెందినవాడే. నార్త్ డకోటా స్టేట్‌లో చివరి ఏడాది ఎడమ టాకిల్, సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్ ముందు కాలేజీ కుర్రాళ్లు స్కౌట్ల ఎదుట ఆడే ప్రదర్శన ఆట) ప్రాక్టీసుల్లో గార్డు, సెంటర్. నా లెక్క ప్రకారం మొదటి రౌండ్‌లో భయపడాల్సిన రకం. అయితే అతను సీనియర్ బౌల్‌లో ఆకట్టుకున్నది లోపలి స్థానాల్లోనే, ముఖాముఖి పోటీల్లో పెద్ద పెద్దవాళ్లని నిలబెట్టేసి. సియాటిల్ సీజన్‌లో అతన్ని అక్కడా ఇక్కడా తిప్పలేదు. ఎడమ గార్డు నీదే అని చెప్పి అక్కడే ఉంచింది.