మద్రాసులో పుట్టినాయన నూటాయాభై

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో మిక్సీలు బాగుచేసే కొట్టుంది. దాని వెనకగదిలో పాత రికార్డులు అమ్ముతున్నారని విని పోయిన శనివారం వెళ్ళాను. బోర్డేం లేదు. కొట్టాయన మిక్సీ విప్పుతూనే, "లోపలుండాయి సామీ, చూసుకోండి. అట్టలు మాత్రం చించొద్దండి" అన్నాడు.

ఇంగ్లీషువి నాలుగు పెట్టెలు. ఎక్కువభాగం కోలారు గనుల దగ్గర ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళవట. పెన్సిలుతో రాసిన ధరలు చూస్తుంటే నవ్వొచ్చింది. అరవైల్లో జనం ఎగబడి కొన్నవన్నీ ఇక్కడ అడుగున పడున్నాయి. పాటగాడు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్‌వి పెట్టెకి నాలుగు, ఒక్కోటి నూటాయాభై. ఈయన 1936లో మన మద్రాసులోనే పుట్టాడు. 1967లో 'రిలీజ్ మీ'తో బ్రిటన్ పాటల జాబితాలో ఆరు వారాలు మొదటి స్థానం వదల్లేదు, బీటిల్స్ 'పెనీ లేన్'ని పైకి రానివ్వలేదు. ఆ బీటిల్స్‌దైతే ఇక్కడ గీతలు పడ్డ ఎల్పీ (పెద్ద రికార్డు) కూడా రెండువేల ఐదొందలు!

హెర్బ్ ఆల్‌పర్ట్‌ది ఇంకా అన్యాయం. 1966లో అమెరికాలో బీటిల్స్‌ని మించి అమ్ముడుపోయిన ట్రంపెట్ ఆయన. ఇక్కడ నూరు రూపాయలు. అట్టమీద ఒళ్ళంతా క్రీముతో ఉన్న అమ్మాయి బొమ్మ. కొండకొచ్చే భక్తులు తిరిగే వీధి కదా, దాన్ని బోర్లా పెట్టాడు.

ఎక్కువ అమ్ముడైంది ఎక్కువ ఇళ్ళల్లో మిగిలింది, అందుకే చవకేమో అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ ఊపాడు. "బీటిల్సూ అట్టనే అమ్ముడుపోయింది గదా సామీ. ఎన్నుంటే ఏం, అడిగేటోళ్ళు ఉండల్ల." యూనివర్సిటీ పిల్లలొచ్చి అరటిపండు బొమ్మ రికార్డుందా అంటారట. అది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే అమెరికా రాక్ బృందానిది. 1967లో వచ్చినప్పుడు అమెరికా అమ్మకాల జాబితాలో 171వ స్థానం దాటి పైకి పోలేదు. ఈయన దగ్గరికి అది ఎప్పుడూ రాలేదు, కానీ పేరు మాత్రం నోటికొచ్చు.

ఆయన గుండెకోత వేరే ఉంది. సీమదేశాల్లో 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులు మానేశాక కూడా, చేత్తో తిప్పే గ్రామఫోన్ల కోసం మనదేశంలో ఇంకా అచ్చేశారు. బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ అట్లాంటి 78 మీద వచ్చాయి. అందుకే ఇప్పుడు విదేశాలవాళ్ళు వాటికోసం వెతుకుతారు. అట్లాంటిదొకటి ఈయన మూడొందలకిచ్చేశాడు. ఆ మాట చెప్పేటప్పుడు మిక్సీ పక్కన పెట్టేశాడు.

వినిపించే మిషనుంది గానీ ముల్లు అరిగింది, దాన్ని నమ్మొద్దు. పగటి వెలుగులో రికార్డు వాలుగా పట్టి చూసుకోండి. బేరం ఆడితే యాభై తగ్గిస్తాడు, బీటిల్స్ మీద రూపాయి తగ్గడు.

నేను హంపర్‌డింక్ తెచ్చుకున్నా. ఇంట్లో పెడితే వంగిపోయుంది, పాట అలలు అలలుగా వస్తోంది. ఫోన్ చేస్తే మార్చిస్తానన్నాడు, అయితే బదులు కూడా హంపర్‌డింకేనట.