మాంబళంలో ఆరేళ్లుగా టెక్నిక్స్ ఎస్ఎల్-1200జీ

చెన్నై పశ్చిమ మాంబళంలోని మా ఇంట్లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200జీ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) ఆరేళ్లుగా దాదాపు రోజూ తిరుగుతోంది. 18 కిలోల బరువు కావడంతో మూడో అంతస్తుకు ఇద్దరం పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది. మోటారు గురించి ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించే అవసరం రాలేదు. నా కష్టమంతా సూది దగ్గరే.

ఈ యంత్రంతో కార్ట్రిడ్జ్, అంటే సూది అమరి ఉండే చిన్న భాగం, రాదు. నేను ఆర్టోఫోన్ 2ఎం బ్లాక్ విడిగా కొన్నాను. అమ్మిన దుకాణం వారే మనిషిని పంపి బిగించి ఇచ్చారు. నాన్నగారు 1970లలో కొన్న ఘంటసాల, సుశీల ఎల్పీలలో మొదటి పాటలు హాయిగా వినిపించేవి కానీ, ప్రతి పక్కనా చివరి పాటకు వచ్చేసరికి 'స', 'శ' అక్షరాలు ఇసుక రాలినట్టు గరగరలాడేవి. రికార్డులే అరిగిపోయాయనుకుని ఏడాదిపాటు వాటినే నిందించాను. రికార్డు అంచున సూది కింద గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు కదిలితే, లోపలి చివరన సుమారు 21 మాత్రమే కదులుతుంది. అంత ఇరుకులో అక్షరాలు కుదించుకుపోతాయి గనుక, సూది కాస్త వంకరగా నిలిచినా ముందుగా చెడేది అక్కడే. చివరికి పెట్టెలోనే ఉన్న ప్లాస్టిక్ గేజి పెట్టి చూస్తే, కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్ వెనక ఉన్న కాలరు నుంచి సూదిమొన దాకా 52 మిల్లీమీటర్లు ఉండవలసింది 49 మాత్రమే ఉంది. మరలు వదులు చేసి ముందుకు జరిపాను; రికార్డు మీద సూది మోపే భారాన్ని డిజిటల్ త్రాసుతో చూసి 1.5 గ్రాములకు తెచ్చాను. ఆ సాయంత్రం సుశీలగారి 'శ' శుభ్రంగా వినిపించింది. రికార్డులకు క్షమాపణ చెప్పుకోవడం ఒక్కటే మిగిలింది.

చెక్క బల్ల మీద ఉన్నన్నాళ్లూ పిల్లలు పరుగెత్తితే సూది ఎగిరిపడేది. గోడలోకి దించిన కడప రాయి అర మీదికి మార్చాక ఆ బాధ తప్పింది.

ఇక సముద్రపు తేమ. వానాకాలం వెళ్లేసరికి ఎల్పీల మీద తెల్లని బూజు చుక్కలు తేలుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తని బ్రష్‌తో గాడి వెంట తుడుస్తాను. తాతగారి పాతకాలపు 78 వేగం లక్క రికార్డులకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వను, లక్క కరిగిపోతుంది. ఈ యంత్రం 78 వేగంతోనూ (నిమిషానికి 78 చుట్లు) తిరుగుతుంది కానీ, వాటి గాడి వెడల్పు గనుక వేరే లావుపాటి సూది బిగించిన హెడ్‌షెల్ ఒకటి పక్కన ఉంచుకున్నాను.

పాట అయిపోయాక సూదిని మోసే చేయి తనంతట తాను లేవదన్నది కొనబోయేవారు ముందే తెలుసుకోవాలి. మధ్యాహ్నం భోజనం చేసి రికార్డు పెట్టుకున్న నాన్నగారు కుర్చీలోనే కునుకు తీస్తే, చివరి గాడిలో సూది టిక్కు టిక్కుమంటూ తిరుగుతూనే ఉంటుంది. వంటింట్లోంచి ఆ చప్పుడు విని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మీట ఎత్తేది అమ్మ.