జూసీ లూసీ కోసం సీడర్ అవెన్యూ మీద: మినియాపొలిస్ బర్గర్ బార్ల సమీక్ష

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరం దక్షిణ భాగంలో, సీడర్ అవెన్యూ మీద, సుమారు 3 మైళ్ళ ఎడంతో రెండు పాత బార్లు ఉన్నాయి. 35వ వీధి మూలన ఉన్నది మ్యాట్స్ బార్, 58వ వీధి మూలన ఉన్నది 5-8 క్లబ్. జూసీ లూసీ అనే బర్గర్‌ను, అంటే చీజ్‌ను మాంసం మీద పరచకుండా మాంసం లోపలే పెట్టి అంచులు మూసి కాల్చే బర్గర్‌ను, మొదట చేసింది తామేనని ఈ రెండూ ఏళ్ళ తరబడి వాదించుకుంటూనే ఉన్నాయి. ఈడెన్ ప్రెయిరీ, మేపుల్ గ్రోవ్ వంటి శివారు పట్టణాల్లో స్థిరపడిన మన తెలుగువారు వారాంతంలో బయట తినాలంటే ఎక్కువగా బిర్యానీ హోటళ్ళ వైపే వెళ్తారు. ఈ ఊరికి ప్రత్యేకమైన తిండి ఇదని తెలిసినా, బార్ అన్న మాట విని వెనకాడేవారు కొందరున్నారు. వారి కోసం ఈ సమీక్షను కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. ఇక్కడ బర్గర్ అంటే గొడ్డుమాంసమే. భారతదేశంలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ గొడ్డుమాంసం, పందిమాంసం అమ్మదు కనుక, హైదరాబాదులోనో విజయవాడలోనో బర్గర్ అలవాటైనవారికి చికెనో ఆలూ టిక్కీయో గుర్తుకొస్తుంది. అమెరికా బార్‌లో వివరాలేవీ చెప్పకుండా బర్గర్ అడిగితే బల్ల మీదికి వచ్చేది గొడ్డుమాంసం ఖైమా బిళ్ళ. తినాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది, ఎవరి ఆచారం వారిది. నేను తింటాను. గొడ్డుమాంసంతో చేసే హైదరాబాదు కల్యాణి బిర్యానీకి అలవాటుపడిన నాలుక నాది, కింది తీర్పులన్నీ ఆ నాలుక ఇచ్చినవే.

జూసీ లూసీ తయారీ వినడానికి తేలిక, చేయడానికి కాదు. ఖైమాను రెండు పల్చని బిళ్ళలుగా తట్టి, ఒకదాని మీద అమెరికన్ చీజ్ ఉంచి, రెండోదాన్ని పైన కప్పి, సందు లేకుండా అంచులు నొక్కుతారు. పెనం మీద వేడెక్కే కొద్దీ లోపల చీజ్ కరిగి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరికి దారి లేకపోతే బిళ్ళ ఉబ్బి, అంచు బలహీనంగా ఉన్నచోట పగిలి, చీజంతా పెనం పాలవుతుంది. అందుకే చెయ్యి తిరిగిన వంటవారు సమయం చూసి అట్లకాడ మూలతో చిన్న చిల్లు పొడుస్తారు. ఇక చీజ్ సంగతి: అమెరికన్ చీజ్ తయారీలో కలిపే సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాల వల్ల కొవ్వు, నీరు విడిపోకుండా ఒకటిగా కరుగుతాయి. అదే బాగా ముదిరిన చెడ్డర్ వాడితే నూనె ఒకవైపు, పిప్పి ఒకవైపు అయ్యే ప్రమాదం ఉంది. చవకరకమని చీజ్ ప్రియులు చిన్నచూపు చూసే అమెరికన్ చీజ్ ఈ ఒక్క బర్గర్‌లో మాత్రం తన స్థానంలో తాను సరిగ్గా ఉంది.

దీన్ని సగం పచ్చిగా కాల్చి ఇమ్మని అడగడంలో అర్థం లేదు. నడిమధ్యన చీజ్ కరగాలంటే చుట్టూ ఉన్న మాంసం పూర్తిగా కాలవలసిందే. పైగా ఖైమా లోపలి వేడి 160 ఫారెన్‌హీట్ డిగ్రీలకు, అంటే సుమారు 71 సెల్సియస్ డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మామూలుగా అంతగా కాల్చిన మాంసం పొడిబారుతుంది. ఇక్కడ ఆ లోటును కరిగిన చీజ్ పూడుస్తుంది, జూసీ లూసీలోని తెలివంతా అదే. బాగా కాలిన మాంసాన్నే ఇష్టపడే మన తెలుగువారికి అమెరికన్ బర్గర్లలో ఇంతకన్నా అనువైనది నాకు కనిపించలేదు.

మ్యాట్స్ బార్ బయటి నుంచి చూస్తే పేట చివరి చిన్న బార్ లాగానే ఉంటుంది. 1954లో మ్యాట్ బ్రిస్టల్ ఈ బార్‌ను కొని తన పేరు పెట్టాడు. ఆ ఏడాదే ఒక గిరాకీ రెండు బిళ్ళల మధ్య చీజ్ పెట్టి ఇమ్మని అడిగాడని, తిని మూతి తుడుచుకుంటూ అతనన్న మాటే పేరుగా నిలిచిపోయిందని బార్ వారు చెప్పుకునే కథ. ఈ బార్ మెనూలో జూసీ అన్న మాటకు ఇంగ్లీషులో ఉండవలసిన ఒక అక్షరం లేదు. ఆ తప్పు స్పెల్లింగునే అసలు సరుకుకు గుర్తుగా చూపుకుంటారు, 5-8 క్లబ్ వారేమో సరైన స్పెల్లింగును తమ గొప్పగా చెప్పుకుంటారు. 2014 జూన్ 26న అధ్యక్షుడు బరాక్ ఒబామా, తనకు ఉత్తరం రాసిన ఒక స్థానిక మహిళతో కలిసి ఇక్కడే జూసీ లూసీ తిన్నారు.

అధ్యక్షుడు వచ్చి వెళ్ళినంత మాత్రాన బార్ పెద్దదైపోలేదు. గది ఇరుకు, బల్లలు తక్కువ, బార్ కౌంటరు వెనుకే ఒక చిన్న ఇనుప పెనం. ఊరంతా కోరి వచ్చే బర్గర్లన్నీ ఆ పెనం మీది నుంచే రావాలి కనుక, రద్దీ వేళ తలుపు బయట వరస తప్పదు. మినెసోటా చలికాలంలో, ఫారెన్‌హీట్ లెక్కలోనే సున్నా కిందికి పోయే రోజుల్లో, ఆ వరసలో నిలబడటం ఎవరి ఓపికను బట్టి వారిది. ఎదురుచూపును తగ్గించుకోవాలంటే మధ్యాహ్న భోజనాలు ముగిసి సాయంత్రపు గుంపు రాకముందు వెళ్ళడం మంచిది. కౌంటరు దగ్గర స్టూలు దొరికితే బల్ల కోసం ఆగకుండా అక్కడే కూర్చోండి. వంటమనిషి బిళ్ళలను వరసగా పేర్చడం, ఒక పక్క గుట్టగా పోసిన ఉల్లిపాయ ముక్కలను తిరగేయడం, ఉబ్బిన బిళ్ళను కనిపెట్టి చిల్లు పొడవడం, అంతా కళ్ళెదుటే జరుగుతుంది. తిండి తయారీని ఇంత దగ్గరగా చూపించే చోట్లు ఈ ఊళ్ళో అరుదు.

బర్గర్ పళ్ళెంలో రాదు, కాగితంలో చుట్టి వస్తుంది. మెత్తని బన్ను, మాంసం, మగ్గిన ఉల్లిపాయలు, కొన్ని ఊరబెట్టిన దోసకాయ బిళ్ళలు, అంతే. తెచ్చి ఇచ్చేవారు కాసేపు ఆగి తినమని హెచ్చరిస్తారు, దాన్ని మర్యాద మాటగా తీసుకోకండి. నూనెలోంచి అప్పుడే తీసిన పూర్ణం బూరెను ఆత్రంగా కొరికినప్పుడు నోటికి ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అంచున చిన్న ముక్క కొరికి ఆవిరి పోనివ్వాలి, బర్గర్‌ను నిలువుగా పట్టుకోవాలి, కాగితాన్ని పూర్తిగా విప్పకుండా కొద్దికొద్దిగా వెనక్కి మడవాలి. అప్పుడు కారే చీజ్ కాగితం అడుగున నిలుస్తుంది, ఫ్రెంచ్ ఫ్రైస్‌ను అందులో అద్దుకోవచ్చు. పెనం తగిలి ముదురు గోధుమరంగుకు తిరిగిన మాంసపు పొర, దాని కింద ఉప్పగా జారే చీజ్, మధ్యమధ్య ఉల్లిపాయ తీపి, దోసకాయ పులుపు: నాలుగు రుచులూ వేటికవి తెలుస్తాయి. ఆకుకూర, టమాటా, పేరున్న సాస్ ఏవీ లేకపోవడాన్ని లోటనుకునేవారు ఉండవచ్చు, నాకు మాత్రం అదే దీని బలమనిపించింది. చీజ్ లోపలి నుంచి కారే ఏ బర్గర్‌కైనా ఉన్న ఇబ్బంది ఇక్కడా ఉంది. ఆలస్యం చేస్తే అడుగు బన్ను తడిసి చేతికి అంటుకుంటుంది. ఆగమన్నంతసేపు ఆగి, ఆ తర్వాత మాట్లాడుతూ కూర్చోకుండా తినేయడమే మార్గం.

5-8 క్లబ్ తీరు వేరు. 1928లో, అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్న రోజుల్లో, చాటుమాటుగా మద్యం అమ్మే చోటుగా ఇది మొదలైంది. ఆ నిషేధాన్ని అమలుపరిచిన వోల్‌స్టెడ్ చట్టం పేరు మినెసోటా నుంచే ఎన్నికైన ఆండ్రూ వోల్‌స్టెడ్‌ది కావడం ఈ రాష్ట్రపు చమత్కారాల్లో ఒకటి. ఇప్పుడిది పిల్లాపాపలతో వెళ్ళదగిన విశాలమైన రెస్టారెంటు, శివార్లలో శాఖలు కూడా ఉన్నాయి. లోపలి చీజ్ ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు: అమెరికన్, స్విస్, బ్లూ, పెప్పర్ జాక్. చీజ్‌కు బదులు తమ సొంత సాస్ నింపి చేసే సాసీ సాలీ అనే రకం కూడా ఉంది. ఎంపిక పెరిగిన కొద్దీ బర్గర్ బాగుపడుతుందనుకుంటే పొరపాటే. స్విస్ చీజ్ రుచి మాంసం చాటున అణగిపోతుంది, బ్లూ చీజ్ ఘాటుకు మాంసమే అణగిపోతుంది. పెప్పర్ జాక్‌లో జలపెన్యో మిరపకాయ ముక్కలుంటాయి కనుక మన నోటికి అది నప్పుతుంది. ఒక్క బర్గర్ కోసమే వెళ్తే నా ఓటు మ్యాట్స్ బార్‌కే. ఊరి నుంచి వచ్చిన బంధువులు, పిల్లలు, కారు పార్కింగు, కాస్త తీరిగ్గా కబుర్లు, ఇవన్నీ లెక్కలోకి వస్తే 5-8 క్లబ్ మేలు. విమానాశ్రయానికి దగ్గర కావడం వల్ల, దూరప్రయాణం చేసి ఆకలితో దిగినవారిని అటునుంచి అటే తీసుకువెళ్ళవచ్చు.

మిసిసిపి నది దాటి పక్క నగరమైన సెయింట్ పాల్‌కు వెళ్తే ఇదే పద్ధతి మరికొన్ని చోట్ల కనిపిస్తుంది. హామ్లిన్ అవెన్యూ మీద ఉన్న ద నూక్ బార్‌లో పెప్పర్ జాక్ నింపిన బర్గర్‌కు, ఆ పక్కనే ఉన్న పాఠశాలలో చదివి బేస్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న పాల్ మాలిటర్ పేరు పెట్టారు. కారం కోరేవారికి ఈ సమీక్షలో నేను గట్టిగా సిఫారసు చేసేది దీన్నే. మిరప ఘాటు చీజ్ కొవ్వులో కలిసి మెల్లగా ఎక్కుతుంది, సీసాలోని సాస్ పైన పోసుకుంటే ఆ తీరు రాదు. సెల్బీ అవెన్యూ మీది బ్లూ డోర్ పబ్‌లో బ్లూ చీజ్, వెల్లుల్లి కూరిన బ్లూసీ ప్రసిద్ధం. వెల్లుల్లి చేరడం వల్ల అక్కడ ఆ చీజ్ ఘాటు కాస్త దారికొస్తుంది.

ఈడెన్ ప్రెయిరీలోని మనవాళ్ళకు ఇంత దూరం ఎందుకనిపిస్తే, ఫ్లయింగ్ క్లౌడ్ డ్రైవ్ మీద లయన్స్ ట్యాప్ ఉంది. చీజ్ లోపల పెట్టే పద్ధతి అక్కడిది కాదు, మామూలు బర్గర్, ఫ్రైస్, బీరు. తమ ప్రచార వాక్యాన్ని వాడుకున్నారంటూ 2009లో మెక్‌డొనాల్డ్స్ మీదే దావా వేసి రాజీ దాకా వెళ్ళిన బార్ ఇది. ఆ ధైర్యం కోసమైనా ఒకసారి వెళ్ళిరావచ్చు.

బార్ మర్యాదల విషయంలో కొత్తగా వచ్చిన విద్యార్థులకు రెండు మాటలు. మద్యం అడిగితే 21 ఏళ్ళు నిండినట్లు రుజువు చూపాలి. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు ఇంకా చేతికి రాకపోతే పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. సెయింట్ పాల్‌లో 1986లో మొదలైన సమ్మిట్ కంపెనీ వారి ఎక్స్‌ట్రా పేల్ ఏల్ అనే బీరు ఈ ప్రాంతపు బార్లలో విరివిగా దొరుకుతుంది. దాని చిరుచేదు చీజ్ జిడ్డును కడిగేస్తుంది. తాగనివారు న్యూ ఉల్మ్‌లోని షెల్ కంపెనీ వారి 1919 రూట్ బీర్ ఉందేమో అడగండి. పేరులో బీరున్నా అది మద్యం కాదు, మద్యనిషేధ సవరణ ఆమోదం పొందిన సంవత్సరమే దాని పేరు. టిప్పు విషయానికొస్తే, మినెసోటాలో యజమానులు టిప్పును సాకుగా చూపి కనీస వేతనం తగ్గించడానికి చట్టం ఒప్పుకోదు. అయినా బిల్లు మీద 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. చిన్న గది, ఎడతెగని గుంపు, అయినా చిరాకు పడకుండా వడ్డించేవారిని చూసిన తర్వాత ఆ శాతం దగ్గర చెయ్యి వెనక్కి లాగబుద్ధి కాదు.

శాకాహారుల సంగతి దాచకుండా చెప్పాలి. పాత బర్గర్ బార్‌లో పెనం ఒక్కటే ఉన్నప్పుడు దాని మీద చేసే గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్‌కు కూడా గొడ్డుకొవ్వు తగలడం ఖాయం. మెనూలో కూరగాయల ప్యాటీ ఉన్న చోట కూడా నమ్మకంగా కూర్చోలేం. నగరం నడిబొడ్డున ఒక స్పోర్ట్స్ బార్‌లో మా అత్తగారి కోసం వెజ్ బర్గర్ చెప్పి, వేరే పెనం మీద చేయమని ప్రత్యేకంగా అడిగాం. సరేనన్నారు. తీరా వచ్చిన బన్ను మీద పక్క బర్గర్ల మాంసపు పొడి అంటుకుని ఉంది. అత్తగారు ఏమీ అనకుండా పళ్ళెం పక్కకు జరిపి, ఆ పూట ఫ్రైస్ కూడా ముట్టలేదు. వడ్డించిన అమ్మాయి నొచ్చుకుని బిల్లులోంచి దాని ధర తీసేసింది గానీ ఆకలి తీరలేదు కదా. ఆచారం పాటించే పెద్దవాళ్ళు వెంట ఉన్నప్పుడు వాళ్ళకు ఇంట్లోనే పెరుగన్నం పెట్టి బయల్దేరండి, లేదా ఆ రోజుకు ఈ బార్ల జోలికే పోకండి. గొడ్డుమాంసం మాత్రమే మానేసినవారు చికెన్ దొరికే పెద్ద రెస్టారెంట్లను ఎంచుకుని, పెనం గురించి ముందే ఫోన్ చేసి అడగడం మంచిది. మ్యాట్స్ బార్ అటువంటి చోటు కాదు. అక్కడికి వెళ్ళేది ఒక్క బర్గర్ కోసమే, అది తినేవారికి మాత్రం ఈ ఊళ్ళో దాన్ని మించింది నేను చూడలేదు.